భద్రతా బకిల్

భద్రతా బకిల్ అనగా పట్టీ (బెల్టు) రెండు కొనలను కలిపి పట్టి ఉంచుతూ, మనిషి కావాలని తెరిస్తే తప్ప తనంతట తాను ఊడిపోకుండా నిర్మించిన కట్టు. కారు సీటు బెల్టు, హెల్మెట్ గడ్డం పట్టీ, పర్వతారోహకుల హార్నెస్, ఎత్తులో పనిచేసే కార్మికుల నడుము పట్టీ, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుల రక్షణ పట్టీ, లారీలో సరకును బిగించే పట్టీ - వీటన్నిటిలోనూ ఏదో ఒక రకమైన భద్రతా బకిల్ ఉంటుంది. మామూలు తోలు బెల్టు బకిల్‌కు, దీనికి ఉన్న తేడా ఒక్కటే. మామూలు బకిల్ ఊడితే బట్ట జారుతుంది. భద్రతా బకిల్ ఊడితే ప్రాణం పోవచ్చును.

చూడటానికి చిన్న వస్తువే అయినా దీని రూపకల్పనలో రెండు పరస్పర విరుద్ధమైన అవసరాలు ఉన్నాయి. బరువు పడినప్పుడు ఇది ఎట్టి పరిస్థితిలోనూ తెరుచుకోకూడదు. అవసరం వచ్చినప్పుడు మాత్రం ఒంటి చేత్తో, చీకటిలో, కంగారులో ఉన్న మనిషికి కూడా వెంటనే తెరుచుకోవాలి. ఈ రెండిటినీ ఒకే వస్తువులో ఇమడ్చటమే బకిల్ రూపకల్పనలోని అసలు సమస్య.

పదం, పేర్లు

బకిల్ అనే ఆంగ్ల పదం ఫ్రెంచి భాష మీదుగా లాటిన్ నుండి వచ్చింది. లాటిన్‌లో బుక్కా అంటే చెంప. దాని నుండి ఏర్పడిన బుక్కులా అనే మాట సైనికుని శిరస్త్రాణానికి చెంప పక్కన ఉండే పట్టీకి పేరు. ఆ పట్టీని బిగించే కట్టుకు క్రమంగా అదే పేరు స్థిరపడింది. అంటే బకిల్ అన్న పేరే హెల్మెట్ పట్టీ నుండి పుట్టిందన్నమాట. తెలుగు బుగ్గకు, లాటిన్ బుక్కాకు పోలిక కనిపించినా ఆ పోలిక యాదృచ్ఛికమే.

తెలుగులో బకిల్‌కు సరిసమానమైన ఒక్క పదం వాడుకలో లేదు. పనిని బట్టి కొక్కెం, గొళ్లెం, గడియ, చీల, మెలిక అనే మాటలు వాడతారు. వడ్డాణం రెండు కొనలను కలిపే మర చీల, గొలుసు కొనలో ఉండే కొక్కెం కూడా ఈ కుటుంబానికి చెందినవే. ఈ వ్యాసంలో బకిల్ భాగాలకు ఈ క్రింది పేర్లు వాడబడినవి.

* చట్రం: పట్టీ ఒక కొనను కుట్టి ఉంచే, లేదా పట్టీని దూర్చే ఇనుప లేక ప్లాస్టిక్ కట్టడం.
* అడ్డకమ్మీ: చట్రం మధ్యలో పట్టీ చుట్టుకొనిపోయే కడ్డీ.
* నాలుక: చట్రంలోకి దూరే రెండవ భాగం.
* గొళ్లెం: నాలుకను వెనక్కి రాకుండా ఆపే పన్ను.
* మీట: గొళ్లేన్ని తప్పించటానికి నొక్కే భాగం.

చరిత్ర

పట్టీని ముడి వేయకుండా బిగించే లోహపు కట్టులను రోమన్ సైనికులు తమ కవచాలకు విరివిగా వాడారు. గుర్రపు జీను, కత్తి ఒర, సంచీ, పాదరక్ష - ఇలా తోలు పట్టీ ఉన్న ప్రతి చోటా చట్రం, అడ్డకమ్మీ, ముల్లు అనే మూడు భాగాల బకిల్ శతాబ్దాల పాటు మారకుండా సాగింది. ఇందులో ముల్లు తోలుకు ఉన్న రంధ్రంలో దిగి పట్టీని ఆపుతుంది. రంధ్రం ఉన్న చోటే పట్టీ బలహీనపడుతుంది కనుక ఈ పద్ధతి పెద్ద బరువులకు అంతగా నప్పదు.

20వ శతాబ్దంలో విమానాలు, పారాచూట్లు, మోటారు వాహనాలు రావటంతో బకిల్ పైన భారం పెరిగింది. నేత పట్టీలు తోలు స్థానంలోకి వచ్చాయి. స్వీడన్‌కు చెందిన వోల్వో సంస్థ ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లో మూడు బిందువుల సీటు బెల్టును రూపొందించాడు. భుజం పట్టీ, నడుము పట్టీ రెండూ తుంటి పక్కన ఒకే బకిల్‌లో కలవటం అందులోని ముఖ్యాంశం. ఒక్క చేతితో, ఒక్క కదలికతో పెట్టుకొనగలగటం వల్లనే అది ప్రపంచమంతటా వ్యాపించింది. ఇతర తయారీదారులు కూడా వాడుకొనేలా ఆ సంస్థ పేటెంటును అందరికీ అందుబాటులో ఉంచింది. తరువాతి దశాబ్దాలలో రెండు పక్కల నొక్కి తీసే ప్లాస్టిక్ బకిళ్లు వచ్చి బడి సంచుల దాకా చేరాయి.

పనిచేసే సూత్రాలు

భద్రతా బకిళ్లు అన్నీ మూడు సూత్రాలలో ఒకదాని మీదనో, రెండిటి కలయిక మీదనో ఆధారపడతాయి.

రాపిడి

పట్టీని కమ్మీ చుట్టూ తిప్పితే రాపిడి వల్ల దాని పట్టు పెరుగుతుంది. ఈ పెరుగుదల కూడికగా కాక హెచ్చింపుగా ఉంటుంది. బావిలో చేద వేసేవారు గిలకకు బదులు దుంగకు తాడును ఒక చుట్టు ఎక్కువ తిప్పితే బిందె తేలికగా నిలుస్తుంది. ఇక్కడ జరిగేది కూడా అదే. రాపిడి గుణకం 0.25 అనుకుంటే, పట్టీ కమ్మీ మీద అర చుట్టు తిరిగినప్పుడు ఒక వైపు ఉన్న 1000 న్యూటన్ల లాగుడును ఆపటానికి రెండవ వైపు సుమారు 456 న్యూటన్లు పట్టి ఉంచాలి. అదే మూడు అర చుట్లు తిరిగితే 95 న్యూటన్లు చాలు. ఆ మిగిలిన భాగాన్ని పట్టీ తన మీద తానే నొక్కుకోవటం ద్వారా ఆపుతుంది.

పర్వతారోహణ హార్నెస్‌లో పట్టీని బకిల్ గుండా ఒకసారి దూర్చి, మళ్లీ వెనక్కి తిప్పి దూర్చాలని చెప్పటానికి కారణం ఇదే. ఒక్కసారి దూర్చిన పట్టీ కూడా నిలబడినప్పుడు బిగువుగానే అనిపిస్తుంది. బరువు పడిన తరువాత మాత్రమే అది జారుతుంది. అదే పట్టీ తడిసి, జిగురు అంటి, రాపిడి గుణకం 0.15కు పడిపోతే మూడు అర చుట్ల తరువాత కూడా 95కు బదులు 243 న్యూటన్లు పట్టి ఉంచవలసి వస్తుంది. కనుక పొడి పట్టీతో చేసిన పరీక్ష వానలో వాడే పట్టీకి హామీ కాదు.

ఆప్పుడు

కొన్ని బకిళ్లలో పళ్లున్న ఒక తిరుగుడు ముక్క పట్టీని చట్రానికి అదిమి పడుతుంది. పట్టీని ఎంత గట్టిగా లాగితే ఆ ముక్క అంతగా తిరిగి అంత గట్టిగా అదుముతుంది. ఇది జరగాలంటే ముక్క పట్టీని తాకే కోణం తక్కువగా ఉండాలి. రాపిడి గుణకం 0.2 అయితే ఆ కోణం సుమారు 11 డిగ్రీలకు మించకూడదు. మించితే ముక్క బిగియటానికి బదులు జారుతుంది. పళ్లు పట్టీని కొరికి పాడు చేయటం ఈ రకంలోని లోపం. సరకు బిగించే పట్టీలకు ఇది బాగా పనికివస్తుంది.

గొళ్లెం

నాలుకకు ఉన్న రంధ్రంలోకి గొళ్లెం పన్ను దిగి అడ్డుపడటం మూడవ సూత్రం. సీటు బెల్టు బకిల్ ఇలా పనిచేస్తుంది. ఇందులో అతి ముఖ్యమైనది పన్ను ముఖం వాలు. నాలుకను లాగినప్పుడు పన్ను ఇంకా లోపలికి దిగే విధంగా ఆ వాలు ఉండాలి, లేదా కనీసం నిట్టనిలువుగా ఉండాలి. వాలు బయటికి ఉంటే భారం పెరిగిన కొద్దీ పన్ను పైకి లేస్తుంది; అప్పుడు మొత్తం భారం స్ప్రింగు మీద పడుతుంది. స్ప్రింగు పని గొళ్లేన్ని దాని చోటికి చేర్చటమే. భారాన్ని మోయటం దాని పని కాదు. స్ప్రింగు విరిగినా భారం ఉన్నంతసేపు మూసి ఉండేదే మంచి గొళ్లెం.

రకాలు

* ముల్లు బకిల్: తోలు బెల్టులలోనిది. చవక, సులభం. ప్రాణరక్షణకు సాధారణంగా వాడరు.
* జంట వలయాల బకిల్: ఇంగ్లీషు డి ఆకారంలో ఉండే రెండు వలయాల గుండా పట్టీని దూర్చి, మొదటి వలయం మీదుగా వెనక్కి లాగుతారు. కదిలే భాగాలు లేవు కనుక చెడిపోయేది ఏమీ ఉండదు. మోటారుసైకిల్ పోటీలలో హెల్మెట్లకు దీనినే ఎక్కువగా నమ్ముతారు.
* మెట్ల బకిల్: పళ్లున్న ప్లాస్టిక్ పట్టె లోహపు గొళ్లెంలో మెట్టు మెట్టుగా బిగుస్తుంది. నేటి హెల్మెట్లలో విరివిగా కనిపిస్తుంది. ఒక్క మెట్టు మాత్రమే దిగితే పట్టు పూర్తిగా ఉండదు.
* పక్కలు నొక్కే బకిల్: సంచులు, చవక హెల్మెట్లలోనిది. రెండు వైపులా ఉన్న ప్లాస్టిక్ చేతులు వంగి లోపలికి దూరి విచ్చుకుంటాయి. అవే చేతులు స్ప్రింగు పనీ చేస్తాయి, భారమూ మోస్తాయి. అందువలన మనిషి బరువు వేలాడే చోట దీనిని వాడకూడదు.
* జంట గొళ్లేల లోహపు బకిల్: రెండు గొళ్లేలను ఒకేసారి నొక్కితేనే తెరుచుకుంటుంది. భారం ఉన్నప్పుడు నొక్కినా తెరుచుకోని విధంగా చేసినవి ఉన్నాయి. రక్షణ సిబ్బంది హార్నెస్‌లలో వాడతారు.
* మీట బకిల్: సీటు బెల్టులోనిది. భారం కొంత మిగిలి ఉన్నా తెరుచుకోవాలి. ఎందుకంటే తలక్రిందులైన కారులో మనిషి తన బరువుతో తానే పట్టీకి వేలాడుతుంటాడు.

చివరి రెండు రకాలను పోల్చి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఎత్తులో పనిచేసే వానికి భారం ఉండగా తెరుచుకునే బకిల్ మృత్యువు. కారులో చిక్కుకున్న వానికి భారం ఉండగా తెరుచుకోని బకిల్ మృత్యువు. అన్ని పనులకూ పనికివచ్చే ఒకే భద్రతా బకిల్ అంటూ లేదు.

రూపకల్పన

ఎంత భారం పడుతుంది

బకిల్ మీద పడే భారం మనిషి బరువు మాత్రమే కాదు. 75 కిలోల మనిషి బరువు సుమారు 735 న్యూటన్లు. అతడు ఒక మీటరు పడి, పట్టీ అతనిని 10 సెంటీమీటర్లలో ఆపితే సగటున పడే బలం దాదాపు 8100 న్యూటన్లు, అనగా బరువుకు 11 రెట్లు. అదే 50 సెంటీమీటర్లలో మెల్లగా ఆపితే 2200 న్యూటన్లు, అనగా 3 రెట్లు. పడే దూరాన్ని తగ్గించటం, ఆగే దూరాన్ని పెంచటం ద్వారా బకిల్ భారాన్నీ, శరీరానికి తగిలే దెబ్బనూ తగ్గించవచ్చును. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు గుద్దుకొని, లోపలి మనిషి అర మీటరు దూరంలో ఆగినప్పుడు పట్టీల మీద సుమారు 14,500 న్యూటన్ల బలం పడుతుంది. ఆ బలాన్ని చేతులతో స్టీరింగు పట్టుకొని ఆపుకొనగలమనుకోవటం భ్రమ.

కమ్మీ మందం

రూపకల్పనలో తరచు జరిగే ఒక పొరపాటును లెక్కతో చూడవచ్చును. ఐరోపా ప్రమాణం ఇ.ఎన్. 361 ప్రకారం పూర్తి శరీర హార్నెస్ 15 కిలోన్యూటన్ల స్థిరభారానికి నిలవాలి. 45 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీకి 10 మిల్లీమీటర్ల మందం గల గుండ్రని మెత్తని ఉక్కు కమ్మీ పెట్టామనుకుందాం. రెండు కొనల వద్ద కోత ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు 95 న్యూటన్లు. మెత్తని ఉక్కు కోతలో సుమారు 144 వరకు తట్టుకుంటుంది కనుక కమ్మీ చాలునని అనిపిస్తుంది. అయితే రెండు చివరలా ఆనిన కమ్మీగా తీసుకొని వంపును లెక్కిస్తే ప్రతిబలం 859 న్యూటన్లు అవుతుంది. మెత్తని ఉక్కు 250 వద్దనే లొంగిపోతుంది. కమ్మీ తెగదు, వంగుతుంది. వంగిన కమ్మీ మీద పట్టీ నడిమికి పోగుపడి, అంచులు కోసుకుపోతాయి. గొళ్లెం తన గాడి తప్పుతుంది.

దీనికి పరిష్కారం కమ్మీని ఇంకా లావు చేయటం ఒక్కటే కాదు. 5 మిల్లీమీటర్ల మందపు ఉక్కు రేకును లాగుడు దిశలో 16 మిల్లీమీటర్ల లోతుండేలా కత్తిరిస్తే, గుండ్రని కమ్మీతో దాదాపు సమానమైన ఉక్కుతోనే ప్రతిబలం 396కు దిగుతుంది. గట్టిపరచిన మిశ్రమ ఉక్కు దీనిని తట్టుకుంటుంది. మంచి హార్నెస్ బకిళ్లు కమ్మీని వంచి చేసినట్లు కాక రేకులో అచ్చు కొట్టినట్లు ఉండటానికి కారణం ఇదే. భారాన్ని రెండు బకిళ్లకు పంచటం మరొక మార్గం.

పదార్థాలు

పట్టీలకు నైలాన్, పాలిస్టర్ ముఖ్యమైనవి. నైలాన్ ఎక్కువ సాగుతుంది, అందువలన కుదుపును మింగుతుంది; కాని తడిసినప్పుడు కొంత బలం కోల్పోతుంది. పాలిస్టర్ తక్కువ సాగుతుంది, తడికి మారదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెండిటినీ క్రమంగా బలహీనపరుస్తాయి. నిజామాబాదు వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు చేరుతుంది. ఎండలో పెట్టిన ప్లాస్టిక్ బకిల్ ఇంకా ఎక్కువ వేడెక్కి, భారం కింద మెల్లగా రూపు మారుతుంది. ప్రాణభారం మోసే చోట లోహపు బకిల్ వాడటానికి ఇది కూడా ఒక కారణం. ఉక్కుకు తుప్పు పట్టకుండా పూత ఉండాలి. చెమట, ఎరువుల ధూళి, కల్లు పులుపు పూత పోయిన చోట ఉక్కును తినివేస్తాయి.

పాటించవలసిన నియమాలు

* సగం మూసుకొని మూసుకున్నట్లు కనిపించే స్థితి ఉండకూడదు. బకిల్ పూర్తిగా మూసి అయినా ఉండాలి, లేదా విడిపోయి అయినా ఉండాలి.
* మూసుకున్నట్లు కంటికి, చెవికి, వేలికి - కనీసం రెండిటికి తెలియాలి. టక్కుమనే శబ్దం ఇందుకే.
* తెరవటానికి ఒకదాని తరువాత ఒకటిగానో, ఒకేసారి రెండు వైపులనో చేసే రెండు కదలికలు కావాలి. సీటు బెల్టు దీనికి మినహాయింపు.
* మీట పైకి పొడుచుకొని ఉండకూడదు. కొమ్మ, రాయి, మోచేయి తగిలి నొక్కుకుపోని విధంగా చట్రంలో దిగి ఉండాలి.
* వెనుక నుండి దెబ్బ తగిలినప్పుడు మీట తన బరువుతో తానే లోనికి పోకుండా ఎదురుబరువు ఉండాలి.
* తలక్రిందులుగా గాని, కుడి ఎడమలు మార్చి గాని పెట్టే వీలు ఉండకూడదు.
* దుమ్ము, మట్టి చేరినా బయటికి రాలే దారి ఉండాలి.

పరీక్షలు, ప్రమాణాలు

సీటు బెల్టులకు సంబంధించి ఐక్యరాజ్యసమితి 16వ నియమావళి బకిల్ గురించి వివరంగా చెబుతుంది. దాని ప్రకారం సగం మూసుకునే స్థితి ఉండరాదు. మీట ఎర్ర రంగులో ఉండాలి, బకిల్‌లో మరే భాగమూ ఆ రంగులో ఉండరాదు. బకిల్‌ను 5000 సార్లు తెరిచి మూసిన తరువాతనే ఢీకొట్టే పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష ముగిశాక దానిని తెరవటానికి కావలసిన బలం 60 న్యూటన్లకు మించకూడదు. అంటే ఆరు కిలోల బరువు ఎత్తగలిగే వేలికి అది తెరుచుకోవాలి. ఈ చివరి నియమం వెనుక గాయపడిన మనిషి, వృద్ధులు ఉన్నారు.

భారతదేశంలో పారిశ్రామిక రక్షణ బెల్టులకు, హార్నెస్‌లకు ఐ.ఎస్. 3521, ద్విచక్ర వాహన హెల్మెట్లకు ఐ.ఎస్. 4151 భారతీయ ప్రమాణాలు. హెల్మెట్ పరీక్షలలో పెంకుతో పాటు గడ్డం పట్టీని, దాని బకిల్‌ను కూడా పరీక్షిస్తారు.

తెలుగునాట వాడుక

తాటిచెట్టు మీద

తెలంగాణలో గీత కార్మికులు తరతరాలుగా మోకు, ముస్తాదులతో తాటిచెట్లు ఎక్కుతున్నారు. మోకు చెట్టునూ, ఎక్కేవాని నడుమునూ చుట్టి ఉండే లావుపాటి తాడు. అతడు బరువును వెనక్కి వేసినంతసేపూ మోకు బిగిసి చెట్టును పట్టి ఉంటుంది. బరువు ముందుకు వచ్చినా, పాదం జారినా బిగువు పోతుంది. అంటే మోకు రాపిడి సూత్రం మీద పనిచేసే కట్టు. ఎక్కేవాని ఒడుపే దానికి గొళ్లెం. వానకు బోదె నునుపెక్కిన రోజున ఆ ఒడుపు చాలదు. 12 మీటర్ల ఎత్తు నుండి పడిన మనిషి ఒకటిన్నర సెకన్లలో, గంటకు 55 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతాడు. బ్రతికినా వెన్నెముక, తుంటి ఎముకలు దెబ్బతిని జీవితాంతం మంచానికి పరిమితమయ్యే ప్రమాదం ఉంది.

తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో రక్షణ సామగ్రి పంపిణీని ప్రారంభించింది. కాటమయ్య గౌడ కులస్థులు కొలిచే దైవం. తాళ్లు, పట్టీలు, క్లిప్పులతో కూడిన ఈ సామగ్రి పర్వతారోహణ పరికరాల పద్ధతిలో ఉంటుంది. పట్టు తప్పినా మనిషి కింద పడకుండా పట్టీకి వేలాడి ఉండటం దీని ఉద్దేశం.

గీత కార్మికుని బకిల్‌కు ప్రత్యేకమైన అవసరాలు ఉన్నాయి. అతని చేతులకు కల్లు జిగురు అంటి ఉంటుంది. ఒక చేయి ఎప్పుడూ చెట్టు మీదనో, కత్తి మీదనో ఉంటుంది. తాటిమట్టల అంచులు రంపంలా ఉంటాయి కనుక పట్టీ కోసుకుపోయే అవకాశం ఉంది. రోజుకు పలుమార్లు చెట్టు చెట్టుకూ విప్పి పెట్టుకోవాలి కనుక పెట్టుకోవటానికి ఎక్కువ సమయం తీసుకునే బకిల్‌ను ఎవరూ వాడరు. అది ఎంత గట్టిదైనా ఇంట్లో కొయ్యకు వేలాడుతుంది. వాడకంలో లేని భద్రత భద్రత కాదు. ఈ కారణంగా సులువు అనేది సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు, బలంతో సమానమైన రూపకల్పన లక్షణం.

వేలాడుతున్న మనిషిని త్వరగా దింపటం కూడా అవసరం. కదలకుండా హార్నెస్‌లో చాలాసేపు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి స్పృహ తప్పవచ్చును. ఒంటరిగా ఎక్కేవారికి ఇది ముఖ్యమైన హెచ్చరిక.

పర్వతాల మీద

నిజామాబాదు జిల్లా సిరికొండ మండలం పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 14 సంవత్సరాలు నిండక ముందే, ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. ఖమ్మం ప్రాంతానికి చెందిన ఆనంద్ కుమార్ కూడా అదే యాత్రలో శిఖరం చేరాడు. ఇటువంటి అధిరోహణలలో మనిషికీ తాడుకూ మధ్య ఉన్నది ఒక్క నడుము పట్టీ, దాని బకిల్. మందపు చేతితొడుగులతో, గడ్డకట్టిన వేళ్లతో దానిని సరిచూసుకోవాలి. అందుకే ఒకరి బకిల్‌ను మరొకరు చూడటం ఆరోహకులలో నియమం. తన పట్టీని తాను చూసుకునే కన్ను అలవాటు పడి తప్పును దాటిపోతుంది.

రహదారి మీద

జక్రాన్‌పల్లి మండలం గుండా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 7వ నంబరు) హైదరాబాదును నాగపూరుతో కలుపుతుంది. ఊళ్ల నుండి ఈ రహదారి ఎక్కే ద్విచక్ర వాహనదారులకు హెల్మెట్ బకిల్ ముఖ్యమైన రక్షణ. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లోని నిర్వచనం ప్రకారం పట్టీలతో గాని, మరో కట్టుతో గాని తలకు గట్టిగా బిగించినదే హెల్మెట్. అనగా బకిల్ పెట్టని హెల్మెట్ చట్టం దృష్టిలో హెల్మెట్ కాదు. భౌతికశాస్త్రం దృష్టిలోనూ కాదు. మొదటి దెబ్బకే అది తలను వదిలి దొర్లిపోతుంది, రెండవ దెబ్బ తలకు తగులుతుంది.

ద్విచక్ర వాహనాల మీద 4 సంవత్సరాల లోపు పిల్లలను తీసుకువెళ్లటానికి 2022 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం నియమాలు ప్రకటించింది. అవి ఒక సంవత్సరం తరువాత అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం బిడ్డను నడిపేవారి భుజాలకు పట్టీలతో కలిపి బిగించే హార్నెస్ ఉండాలి. అది 30 కిలోల బరువు మోయగలగాలి. వాహన వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.

కార్లలో వెనుక సీటు వారు కూడా బెల్టు పెట్టుకోవాలన్న చర్చ 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణం తరువాత బలపడింది. ఆయన వెనుక సీటులో బెల్టు లేకుండా ప్రయాణిస్తున్నారు.

సరకు కట్టటానికి

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడే వరకు ఈ ప్రాంతపు చెరకు బండ్లపై, ట్రాక్టర్లపై అక్కడికి చేరేది. చెరకు, పసుపు బస్తాల వంటి సరకును తాళ్లతో, గొలుసులతో కట్టటం పాత పద్ధతి. మెట్టు మెట్టుగా బిగిసే లోహపు బకిల్ గల పట్టీలు తరువాత వచ్చాయి. ప్రయాణంలో సరకు కుదించుకొని పట్టీ వదులవుతుంది కనుక కొంత దూరం వెళ్లాక మళ్లీ బిగించాలి. సరకు పట్టీని, దాని బకిల్‌ను మనుషులను పట్టి ఉంచటానికి వాడకూడదు.

వైఫల్యాలు

బకిల్ విరిగిపోవటం వల్ల జరిగే ప్రమాదాల కంటే బకిల్‌ను సరిగా మూయకపోవటం వల్ల జరిగేవి సాధారణం. వెనక్కి తిప్పి దూర్చని పట్టీ, ఒక్క మెట్టు దిగిన హెల్మెట్ బకిల్, దుస్తుల మడత ఇరుక్కున్న గొళ్లెం ఇందుకు ఉదాహరణలు. కొన్నిసార్లు లోహం బాగున్నా పట్టీ అరిగిపోతుంది. ప్రసిద్ధ అమెరికన్ ఆరోహకుడు టాడ్ స్కిన్నర్ 2006 అక్టోబరులో కాలిఫోర్నియాలోని యోసెమిటీ వద్ద మరణించటానికి కారణం అతని హార్నెస్ ముందు భాగంలోని అరిగిన పట్టీ వలయం తెగిపోవటం.

మరొక రకం వైఫల్యం మనిషి చేతులారా కల్పించుకునేది. బెల్టు పెట్టుకోకపోతే మోగే హెచ్చరికను ఆపటానికి, నాలుక ఆకారంలో ఉన్న వట్టి లోహపు ముక్కను బకిల్‌లో దూర్చే అలవాటు ఉంది. బకిల్ తన పని సక్రమంగా చేస్తూనే ఉంటుంది, కాని దానికి పట్టీ ఉండదు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 మేలో ఐదు పెద్ద ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలపై ఆదేశాలు జారీ చేసింది. ఇటువంటి క్లిప్పుల 13,118 ప్రకటనలు తొలగించబడ్డాయి.

జాగ్రత్తలు

* పెట్టుకున్న తరువాత పట్టీని గట్టిగా ఒకసారి లాగి చూడాలి. శబ్దం వినిపించటం మాత్రమే చాలదు.
* పట్టీ కొన బకిల్ నుండి కనీసం నాలుగు వేళ్ల పొడవు బయటికి ఉండాలి.
* ఎత్తులో పనికి ముందు నేల మీదనే కొద్దిసేపు పట్టీకి వేలాడి చూడాలి.
* అంచులు పీచులేచిన, రంగు బాగా వెలిసిన, కుట్లు తెగిన పట్టీని వాడకూడదు.
* ఒకసారి బలమైన దెబ్బ తగిలిన పట్టీని, బకిల్‌ను పైకి బాగున్నా పక్కన పెట్టాలి. పడిన వారిని కాపాడిన పరికరం తన పని ముగించినట్లే.
* కొత్త బకిల్‌ను పాత పట్టీకి ఇంట్లో కుట్టి వాడకూడదు. కుట్టు కూడా బకిల్‌తో సమానంగా భారం మోసే భాగమే.
* దుమ్ము చేరిన గొళ్లేన్ని మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. పట్టీ తాకే చోట నూనె వేయకూడదు.

ఇవి కూడా చూడండి

* సీటు బెల్టు
* హెల్మెట్
* మోకు
* గీత కార్మికులు
* పర్వతారోహణ
* జక్రాన్‌పల్లి